గజ్జి ఉన్న ఇంట్లో కళ్ళను కాపాడుకోవడం ఎలా

గజ్జి పురుగు కంటి జోలికి రావడం అరుదు. కంటి దాకా వెళ్ళేది మన గోరు, గోటి కింది చీము, ఆ తర్వాత మనమే కొని తెచ్చి రాసే క్రీము. కావలికి తూర్పున సముద్రం వైపు ఊళ్ళ నుంచి జనం వచ్చే ఒక చిన్న కంటి కేంద్రంలో ఏళ్ళ తరబడి కూర్చుని నేను తెలుసుకున్నది ఇంతే. రొయ్యల చెరువు గట్టున కాపలా షెడ్డులో నలుగురూ ఒకే దుప్పటి కింద పడుకునే కుటుంబం, హాస్టలు నుంచి సెలవులకు ఇల్లు చేరిన పిల్ల, రొట్టెల పండుగకు నెల్లూరు వెళ్ళి స్వర్ణాల చెరువు దగ్గరి బంధువుల ఇంట్లో పదిమంది మధ్య ఇరుక్కుని నిద్రపోయి వచ్చిన పెద్దమ్మ, వీళ్ళెవరూ నా దగ్గరకు దురద అని రారు. కన్ను ఎర్రబడిందనో, రెప్ప వాచిందనో వస్తారు. చేతివేళ్ళ సందులు చూసి గజ్జి మాట నేనే ఎత్తాలి. ఎత్తగానే ముఖం ముడుచుకుంటారు. "మేము రోజూ స్నానం చేస్తాం నాయనా" అంటారు.

స్నానానికీ దీనికీ పెద్ద సంబంధం లేదు. ఒంటికి ఒళ్ళు కాసేపు ఆనుకుని ఉంటే చాలు, పురుగు మారుతుంది. ఇరుకు ఇంట్లో, ఒకే పక్క మీద, చంకన బిడ్డతో ఉన్నవాళ్ళకు అంటుకోకపోతేనే ఆశ్చర్యం. సిగ్గుపడి దాచుకున్న రోజులన్నీ కంటికి నష్టం. కాబట్టి అది పక్కన పెట్టి పని మొదలుపెట్టండి.

ముందు అది గజ్జేనా అని తేల్చుకోండి

వేళ్ళ సందులు, మణికట్టు లోపలి వైపు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, తొడల మధ్య, పిరుదులు చూడండి. సన్నని పొక్కులు, గీరిన గాట్లు, అక్కడక్కడ చర్మం కింద దారప్పోగు ముక్కంత గీత కనిపిస్తాయి. ఆ గీత పురుగు తొలిచిన సొరంగం. రాత్రి పడుకున్నాక దురద పెరుగుతుంది. ఇంట్లో ఒకరికి మించి గోక్కుంటుంటే ఇక అనుమానం అక్కర్లేదు. మా వైపు పెద్దవాళ్ళు కొందరు దీన్ని చిడుము అంటారు, రెండూ ఒకటే.

లెక్క ఒకటి గుర్తుంచుకోండి. మొదటిసారి అంటుకున్నవాళ్ళకు దురద 2 నుంచి 6 వారాల తర్వాత గానీ మొదలుకాదు. పండుగ అయిపోయిన నెలకు గోకుడు మొదలైతే పండుగను ఎవరూ తలచుకోరు, నిన్న తిన్న వంకాయను తిడతారు. ఈలోగా ఆ మనిషి దురద లేకుండానే ఇంటిల్లిపాదికీ పంచి ఉంటారు. ఇంతకుముందు ఒకసారి వచ్చిపోయినవాళ్ళకైతే నాలుగు రోజుల లోపే తెలిసిపోతుంది.

ఇక ముఖం సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో గజ్జి సాధారణంగా మెడ దాటి పైకి రాదు. ఒంటి మీద ఏమీ లేకుండా రెప్పలు మాత్రమే దురద పెడుతుంటే అది గజ్జి కాకపోవచ్చు. తలకు వేసుకున్న రంగు, కొత్త కాటుక, చివరికి గోళ్ళరంగు కూడా రెప్పల మీద దద్దుర్లు తెప్పిస్తుంది. వయసు మళ్ళినవారిలో రెప్ప వెంట్రుకల మొదళ్ళ చుట్టూ చిన్న గొట్టంలా చుండ్రు పట్టి, పొద్దున లేవగానే దురద పెడుతుంటే అది డెమోడెక్స్ అనే వేరే పురుగు పని. మన చర్మం మీద మామూలుగానే బతికే జీవి అది, ఎక్కువైనప్పుడే తంటా. దానికి వైద్యం వేరు. గజ్జి మందు దానికి రాయకండి.

అయితే రెండు చోట్ల ఈ మెడ హద్దు చెల్లదు. చంటిబిడ్డలకు ముఖం, తల, అరచేతులు, అరికాళ్ళు అన్నిటికీ వస్తుంది. మంచాన పడ్డ ముసలివాళ్ళకు, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు పొలుసులు కట్టే గజ్జి రావచ్చు. మామూలు గజ్జిలో ఒళ్ళంతా వెతికినా ఉండేవి 10, 15 పురుగులే. పొలుసుల గజ్జిలో వేలు, లక్షలు. రెప్పల మీద, కనుబొమల మీద కూడా బూడిదరంగు పొర కడుతుంది, విచిత్రంగా దురద తక్కువ ఉండవచ్చు. ఈ రెండు రకాల వాళ్ళ విషయంలో ఇంటి వైద్యం ఆలోచనే వద్దు. తిన్నగా చర్మ వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఈ రాత్రే గోళ్ళు తీయండి

మందు రేపు కొనవచ్చు, గోళ్ళు మాత్రం ఈ పూటే. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, కండ కనిపించేంత దగ్గరగా తీసి, వేళ్ళ కొసలు సబ్బుతో రుద్ది కడగండి. గోకిన చోట పుండు పడుతుంది, పుండులో చీము పట్టించే సూక్ష్మజీవులు చేరతాయి, నిద్రలో అదే వేలు కంటికి పోతుంది. కంటికురుపులు, రెప్పవాపు, కళ్ళకలక, నల్లగుడ్డు మీద గీత, వీటిలో చాలా వాటికి దారి ఇదే. చంటిబిడ్డ చేతులకు రాత్రిపూట పలచటి మేజోళ్ళు తొడగండి.

ఇప్పుడు కాటుక భరిణె. దీని గురించి కాస్త నిలబడి చెప్పాలి. అమ్మ తన వేలు భరిణెలో ముంచి పెద్దపిల్లకు పెడుతుంది, అదే వేలితో చంటివాడికి, మిగిలింది తన కంటికి. ఆ వేలి సందునే చీము పొక్కు ఉంటుంది. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకు వారం తేడాలో కంటికురుపులు వస్తే నేను భరిణె తెమ్మన్నాను. తెచ్చారు. మూత తీసి చూపించి, "ఇందులో ఎన్ని వేళ్ళు పడ్డాయమ్మా?" అని అడిగితే ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. గజ్జి పూర్తిగా తగ్గేవరకు కాటుక మానండి. ఆ భరిణెలో ఉన్నది పారేయండి. దిష్టి కోసమే అయితే బుగ్గ మీద చుక్క పెట్టండి, కంట్లో వద్దు. తువ్వాళ్ళు కూడా మనిషికి ఒకటి.

కన్ను చూడటం

పొద్దున ఎండ పడే వసారాలో కూర్చోబెట్టి చూడండి. ఫోను లైటు కంట్లోకి కొట్టవద్దు. మీ చేతులు కడుక్కుని, కింది రెప్పను చూపుడు వేలితో మెల్లగా దించండి, ఆ తర్వాత పై రెప్పను ఎత్తండి. తెల్లగుడ్డు ఎర్రగా ఉందా, నల్లగుడ్డు అద్దంలా మెరుస్తోందా లేక మీద మచ్చ ఉందా, రెప్ప అంచున గడ్డ ఉందా, వెంట్రుకలు పుసితో అతుక్కున్నాయా చూడండి. ఒక కన్ను మూయించి రెండో కంటితో ఎదురుగా ఉన్న కేలండరు అంకెలు చదివించండి, తర్వాత రెండోది. చదువు రాని పిల్లలైతే మీ వేళ్ళు లెక్కపెట్టమనండి.

రెప్ప అంచున చిన్న కురుపు, కాస్త పుసి, చూపు బాగానే ఉంది, నొప్పి పెద్దగా లేదు. అయితే కింద చెప్పిన శుభ్రత చేస్తూ రెండు మూడు రోజులు చూడవచ్చు.

కింది వాటిలో ఒక్కటి ఉన్నా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి: వెలుతురు చూడలేక పిల్లవాడు తలగడలో ముఖం దాచుకోవడం, చూపు మసక, నల్లగుడ్డు మీద తెల్లటి లేదా బూడిదరంగు చుక్క, నొప్పితో ఎరుపు. రెప్ప వేడిగా ఉబ్బి కన్ను తెరవలేకపోవడం, జ్వరం, గుడ్డు ముందుకు పొడుచుకు వచ్చినట్టు కనిపించడం, కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి ఉంటే గంటలు కూడా లెక్కే. చీము కంటి గుంట లోపలికి దిగుతోందన్నమాట. నెల్లూరు వైపు వాళ్ళు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి, ఒంగోలు వైపు వాళ్ళు అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జనం రిమ్స్ అంటారు) చేరండి. బండి లేకపోతే 108కి ఫోను చేయండి. పండుగపూట అనో, అమావాస్య అనో ఆగకండి.

కంటి డాక్టరు నారింజరంగు మందు చుక్క వేసి నీలం లైటుతో చూస్తారు. నల్లగుడ్డు మీద గోటి గీత ఉంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. నొప్పి లేని పరీక్ష, రంగు కాసేపట్లో పోతుంది. ఎందుకు చెబుతున్నానంటే, ఒక తాత ఆ రంగు చూసి కంట్లో పసుపు పోశారని లేచి వెళ్ళిపోయాడు.

రెప్పలు శుభ్రం చేసే తీరు

నీళ్ళు మరగబెట్టి చల్లార్చండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు శుభ్రమైన దూది ముంచి, పిండి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్కసారి తుడిచి పారేయండి. మరోసారి తుడవాలంటే మరో దూది. రెండో కంటికి మళ్ళీ కొత్తది. కురుపు ఉంటే పిండిన వేడి గుడ్డతో 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెట్టండి. గిల్లవద్దు, రెప్ప వెంట్రుక పీకవద్దు.

కంట్లో ఏమి పోయకూడదో చెప్పాలంటే జాబితా పెద్దదే: చనుబాలు, ఆముదం, ఉల్లిరసం, వేపాకు పసరు, పన్నీరు. కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టుకునే అలవాటు మనకు ఉంది. చల్లగా ఉంటుందని నాకూ తెలుసు. కానీ పువ్వు తుంచిన చోట కారే పాలు కంట్లో పడితే మంట రేపుతాయి, పుండు పడ్డ కంటికి అసలు వద్దు. చల్లదనం కావాలంటే చన్నీళ్ళ గుడ్డ చాలు.

క్రీము రాసేటప్పుడు

గజ్జికి ఎక్కువగా వాడేది 5 శాతం పర్మెత్రిన్. డాక్టరో, మీ ఊరి ఏఎన్ఎమ్మో చూసి చెప్పాక తెచ్చుకోండి. సాయంత్రం స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకుని, చర్మం చల్లబడ్డాక దవడ కింద నుంచి అరికాళ్ళ దాకా రాయాలి. పొక్కులున్న చోట మాత్రమే చుక్కలు పెడితే కుదరదు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు లోపల, పిరుదుల మధ్య కూడా. పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి సుమారు 30 గ్రాముల ట్యూబు పడుతుంది. 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్ళీ రాయాలి. ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి రాసుకోవాలి. అయ్య చెరువు దగ్గర పడుకుంటాడు, ఆదివారం వచ్చాక రాసుకుంటాడు అంటే ఆదివారం నాడు పురుగు కూడా ఆయనతో ఇంటికి వస్తుంది. వారం తర్వాత ఇంకోసారి, మళ్ళీ అందరూ.

కంటి విషయం ఇక్కడే చెడుతుంది. పెద్దవాళ్ళు ముఖానికి రాయనక్కర్లేదు. చంటిబిడ్డకు తలకు, ముఖానికి కూడా రాయమని డాక్టరు చెబితే కళ్ళ చుట్టూ, నోటి చుట్టూ వదిలేయండి. రాసిన వెంటనే మేజోళ్ళు తొడగండి, లేకపోతే వాడు ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంటాడు. పాలిచ్చే తల్లి రొమ్ము మీద మందు తుడిచేసి పాలిచ్చి, తర్వాత మళ్ళీ రాసుకోవాలి. రెండు నెలలు నిండని బిడ్డకు ఏ మందు అన్నది పిల్లల డాక్టరే చెప్పాలి. మందు కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళు ధారగా పోస్తూ 10, 15 నిమిషాలు కడగండి. ఆ తర్వాత కూడా ఎరుపు, మంట తగ్గకపోతే చూపించండి. బెంజైల్ బెంజోయేట్ అనే పాత తెల్లటి మందు ఇంకా మంట పుట్టిస్తుంది, దాన్ని ముఖం దరిదాపుల్లోకి తేవద్దు. కిరోసిన్, పురుగుల మందు రాసినవాళ్ళను కూడా చూశాను. వద్దని చెప్పాల్సి రావడమే బాధ.

రెప్పల మీదే గజ్జి పట్టినప్పుడు క్రీము రాయలేము కాబట్టి డాక్టరు ఐవర్‌మెక్టిన్ మాత్రను ఎంచుకోవచ్చు. మోతాదు బరువును బట్టి, కిలోకు 200 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. వారం నుంచి రెండు వారాల తర్వాత రెండో విడత. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. ఈ మందు మూలపదార్థాన్ని కనుగొన్నందుకే విలియం కాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ వచ్చింది. ఆఫ్రికాలో వాగుల వెంట నల్ల ఈగ కుట్టడం వల్ల చర్మం కింద పిల్లపురుగులు చేరి, అవి కంట్లోకి పాకి గుడ్డివాళ్ళను చేసే జబ్బు ఉంది. ఈ మాత్ర దానికి అడ్డుకట్ట వేసింది. చర్మపు పురుగు కళ్ళు తీస్తుందని ఫోనులో వచ్చే భయం కథలు ఆ జబ్బువి. అది మన దేశంలో లేదు. పెన్నా గట్టున ఇల్లున్నంత మాత్రాన నిద్ర మానుకోనక్కర్లేదు.

దుకాణంలో ఇచ్చే "దురద క్రీము"

నాకు కోపం వచ్చేది ఇక్కడ. మందుల షాపులో దురద అనగానే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు ఒకటి చేతిలో పెడతారు. అందులో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద మాయం, క్రీము దేవుడు. లోపల పురుగులు మాత్రం హాయిగా గుడ్లు పెడుతుంటాయి, గజ్జి రూపం మారిపోయి డాక్టరు కూడా తికమకపడతారు. రెప్పల మీద చర్మం ఒంటి మొత్తంలో అన్నిటికన్నా పలచన. అక్కడ నెలల తరబడి స్టెరాయిడ్ రాస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లం వచ్చే ప్రమాదం ఉంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు.

చుక్కల మందు ఇంకా ప్రమాదం. చెరువు షెడ్డు నుంచి ఒకామె ఏడేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. గోటి గీతతో మొదలైన ఎరుపు. ఎవరో ఇచ్చిన చుక్కలు వేస్తే రెండు రోజులు తెల్లబడిందట, ఆపితే మళ్ళీ ఎర్రబడుతోందట, అలా మూడు వారాలు వేశారు. సీసా మీద డెక్సామెథసోన్ అని ఉంది. నల్లగుడ్డు మీద అప్పటికే బియ్యపు గింజంత తెల్లటి పుండు. పెద్దాసుపత్రికి పంపాం. కన్ను దక్కింది, మచ్చ మిగిలింది. వరికోతల్లో వడ్లగింజ పడ్డ కంటికి కూడా ఇదే కథ జరుగుతుంది. గీత పడ్డ నల్లగుడ్డు మీద స్టెరాయిడ్ వేస్తే, బూజు (ఫంగస్) వల్ల పడ్డ పుండు ఉన్నా ఎరుపు తగ్గుతుంది, పుండు పెరుగుతుంది. చుక్కల సీసా కొనేముందు దాని మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చదివించుకోండి. ఉంటే, కంటి డాక్టరు చీటీ లేకుండా ముట్టవద్దు.

పక్కబట్టలు

మందు రాసుకున్న మర్నాడు దుప్పట్లు, తలగడ గలీబులు, తువ్వాళ్ళు, గత మూడు రోజుల్లో కట్టిన బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. ఉతకలేని వాటిని పాలిథిన్ సంచిలో బిగించి కనీసం మూడు రోజులు, వీలైతే వారం పక్కన పెట్టండి. మనిషి ఒళ్ళు దొరకకపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. ఇల్లంతా మందు కొట్టే పని లేదు.

రెప్ప వెంట్రుకలకు ఈపులు కనిపిస్తే

ఇది గజ్జి కాదు, పేను. వెంట్రుకల మొదట్లో ఈపులు అంటి, దగ్గరగా చూస్తే పీత ఆకారంలో పేలు కనిపిస్తాయి. తలపేను మందు కంటి దగ్గర వాడకూడదు. కంటి డాక్టరు చిన్న పట్టకారుతో తీసేసి, కంటికి పనికివచ్చే పెట్రోలియం జెల్లీని రోజుకు రెండుసార్లు పది రోజుల దాకా రాయమంటారు, పేలకు ఊపిరాడదు. ఈ రకం పేను పెద్దవాళ్ళ ఒంటి నుంచి దగ్గరి స్పర్శతో అంటుతుంది. పిల్లల్లో కనిపిస్తే డాక్టరు పిల్లను పక్కకు తీసుకుని కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. అడగనివ్వండి.

తగ్గాక నెలన్నర పాటు ఉదయం ముఖం చూడండి

రెండోసారి రాశాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. చచ్చిన పురుగుల మీద చర్మం చూపే విసుగు అది. మళ్ళీ మళ్ళీ క్రీము రాస్తే చర్మం ఎండి ఇంకా దురద పెడుతుంది. కొత్త పొక్కులు వస్తుంటేనే డాక్టరును కలవండి.

ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియనిది. పుండ్లు పడి చీము పట్టిన పిల్లవాడు, పుండ్లు మానాక, ఒకరోజు నిద్ర లేవగానే రెండు కళ్ళూ ఉబ్బి కనిపిస్తాడు. ఎరుపు లేదు, పుసి లేదు, నొప్పి లేదు. సాయంత్రానికి కాస్త తగ్గుతుంది, మర్నాడు మళ్ళీ. కంటి జబ్బు అనుకుని మా దగ్గరకు తెస్తారు. మేము కన్ను చూసి, కాళ్ళ మీద వేలితో నొక్కి చూసి, "ఒంటికి ఏ రంగులో పోస్తున్నాడు?" అని అడుగుతాం. చర్మం పుండ్లలో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల, 3 నుంచి 6 వారాల తర్వాత మూత్రపిండాలు వాచవచ్చు. మూత్రం తగ్గుతుంది, టీ డికాషను రంగులోకి మారుతుంది, రక్తపోటు పెరుగుతుంది, తలనొప్పి రావచ్చు. చాలామంది పిల్లలు సకాలంలో చూపిస్తే కోలుకుంటారు.

అందుకే పుండ్లు పడిన పిల్లలున్న ఇంట్లో నెలన్నర పాటు రోజూ పొద్దున ముఖం కడగకముందే రెప్పలు చూడండి. ఉబ్బు కనిపిస్తే చుక్కల మందు కొనవద్దు. పొద్దుటి మూత్రం కడిగిన గాజుసీసాలో పట్టి వెలుతురులో చూడండి. రంగు ఎలా ఉన్నా సరే, పిల్లవాణ్ణీ సీసానూ తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరకు ఆ పూటే వెళ్ళండి. గజ్జి ఎప్పుడు వచ్చింది, పుండ్లు ఎప్పుడు మానాయి అన్నది ముందుగా చెప్పండి. వాళ్ళు అడిగేవరకు ఆగవద్దు.